నూనె తింటే లావెక్కుతామా? నూనె తాగితే సన్నబడతామా?

నేను ప్రాక్టీసు చేసేది వికారాబాద్‌లో. వారానికి ఒకరోజు రైలెక్కి, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వున్న తాండూరు వెళ్లి అక్కడ కూడా రోగులను చూస్తాను. జ్వరమని వచ్చినవారూ, మోకాళ్ల నొప్పులని వచ్చినవారూ లేచి వెళ్లేముందు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "దీనికేమన్నా చెప్పండి" అనడం మామూలైపోయింది. వాళ్లందరి తరఫునా ఒకాయన నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగారు. ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నాను.

ఆయనది తాండూరు. బండలు పాలిష్ చేసే చిన్న యూనిట్ వుంది. వయసు 41.

"సారూ, నూనె తింటె లావైతరని మీరంటరు. నూనె తాగితె సన్నగైతరని ఫోన్ల చూపిస్తుండ్రు. మా పక్క దుకాణపాయన గట్లనే చేసి పన్నెండు కిలోలు తగ్గిండు. ఏది నమ్మాలె?" అన్నారు. కాసేపాగి, "మా నాయిన 47 ఏండ్లకే గుండెపోటొచ్చి పోయిండు. నాకింక ఆరేండ్లే ఉన్నయి" అన్నారు.

నవ్వుతూనే అన్నారుగాని, అది నవ్వే మాట కాదు. ఆయన భార్య అప్పటికే తల దించుకుంది.

ఆయన లావుగా వున్నారా?

చూడడానికి లావుగా వుండరు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. చేతులూ కాళ్లూ సన్నమే. పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. టేపు పెట్టి కొలిస్తే 98 సెంటీమీటర్లు. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 312, మంచి కొలెస్టరాల్ 34, పరగడుపున చక్కెర 114 వున్నాయి. రక్తపోటు 138/88.

డాక్టర్లు ఐదు సంగతులు చూస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు లేదా ఆపైన వుండడం. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన వుండడం. మంచి కొలెస్టరాల్ మగవారికి 40, ఆడవారికి 50 కంటే తగ్గడం. రక్తపోటు 130/85కి చేరడం. పరగడుపు చక్కెర 100 లేదా ఆపైన వుండడం. ఈ ఐదింటిలో మూడుంటే దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. అది ఇంకా జబ్బు కాదు. మధుమేహానికీ, గుండెజబ్బుకీ మన ఇంటి చిరునామా ఇచ్చి రావడం లాంటిది. ఈయనకు ఐదుకు ఐదూ వున్నాయి.

మనవాళ్ల ఒంటితీరే అంత. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫోటో ఒక వైద్యపత్రికలో వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సరిసమానం. కాని యుడ్కిన్ గారి ఒంట్లో కొవ్వు నూటికి 9 పాళ్లే. యాజ్ఞిక్ గారి ఒంట్లో 21 పాళ్లు! అందుకే ఎత్తుకు తగ్గ బరువు సూచిక పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువంటే, మనకు 23 దగ్గరే హెచ్చరిక మొదలవుతుంది. తాండూరు ఆయన సూచిక 26. అద్దంలో చూసుకుని "నేను సన్నగానే వున్నాను" అనుకునేవారు ముందు టేపు తీయండి.

కొండ మారలేదు, రోగం మారింది

వికారాబాద్ పక్కన అనంతగిరి కొండ మీద క్షయరోగుల శానిటోరియం వుంది. క్షయకు మందులు లేని కాలంలో శానిటోరియాల్లో మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, వెన్న ఇవే చికిత్స. రోగి బరువు పెరిగితే ఇంటిల్లిపాదీ సంతోషించేవారు. బక్కచిక్కడం చావుకు గుర్తు, ఒళ్లు చేయడం బతుకుకు గుర్తు అన్న నమ్మకం మన ఇళ్లలో అలా పాతుకుపోయింది. ఇప్పటికీ అల్లుడు వస్తే అన్నంలో నెయ్యి గరిటెతో వంచుతారు. పిల్లవాడు బొద్దుగా వుంటే దిష్టి తీస్తారు. ఈనాడు అదే కొండ మీద తెల్లవారుజామున పొట్ట తగ్గించుకోవడానికి నడిచేవాళ్లు కనబడుతున్నారు.

తాండూరు సంగతీ అంతే. గనుల్లో సమ్మెట పట్టి బండ పగలగొట్టే మనిషికి ఎంత తిన్నా చాలదు. ఇప్పుడు కోత మిషనుది, మోత లారీది. యజమాని కుర్చీలో కూర్చుంటాడు. ఆనాటి పళ్లెంలో జొన్నరొట్టె, కందిపప్పు, ఉల్లిగడ్డ, కాస్త కారం వుండేవి. నూనె పండగకు బయటికి వచ్చే వస్తువు. ఇప్పుడు పొద్దున పూరి, సాయంత్రం బస్టాండు దగ్గర మిర్చి బజ్జీ, ఆదివారం బిర్యానీ. ఆకలి తాతది, పని మనుమడిది.

కొవ్వు ఎక్కడికి పోతుంది?

ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు ఇస్తుంది. ఒక గ్రాము మాంసకృత్తులు కూడా అంతే. ఒక గ్రాము నూనె లేక నెయ్యి 9 కేలరీలు ఇస్తుంది. నిండు టేబుల్ స్పూన్ నూనె అంటే 120 కేలరీలు. అది కరగాలంటే సుమారు అరగంట చురుకుగా నడవాలి. నూరు గ్రాముల ఉడికించిన ఆలుగడ్డలో సుమారు 90 కేలరీలుంటే, నూరు గ్రాముల చిప్స్‌లో 500 పైమాటే. కడుపుకు బరువు తెలుస్తుందిగాని కేలరీలు తెలియవు. కాబట్టి ఎక్కువ తిన్నామన్న సంగతే తెలియకుండా ఎక్కువ తింటాం.

ఇంకొకటి. అన్నంలోని పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి దాచుకోవాలంటే శరీరం అందులో నాలుగో వంతు దాకా ఖర్చు పెట్టుకోవాలి. నూనెను దాచుకోవడానికి నూటికి మూడు నాలుగు పాళ్లు చాలు. అది ముందే కొవ్వు కదా!

దాచుకునే చోటు మొదట చర్మం కింద వుండే కొవ్వుకణాలు. అవి ధాన్యపు గాదెల వంటివి. గాదె నిండిన తరువాత కూడా బండి వస్తూనే వుంటే ఏం చేస్తాం? వసారాలో పోస్తాం, వంటింట్లో పోస్తాం. శరీరమూ అంతే చేస్తుంది. పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో, చివరకు క్లోమగ్రంథిలో కూడా కొవ్వు పోస్తుంది. మనవాళ్లకు చర్మం కింద గాదెలు చిన్నవి. అందుకే తొందరగా పొంగిపోతాయి.

కొవ్వు పట్టిన కండరం, కాలేయం ఇన్సులిన్ మాట వినవు. చక్కెరను లోపలికి తీసుకోమని ఇన్సులిన్ తలుపు తడుతుంది, లోపల పలికేవారుండరు. క్లోమగ్రంథి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది. కొన్నేళ్లకు అలసిపోతుంది. కాలేయం రాత్రంతా చక్కెర వదులుతూనే వుంటుంది. అందుకే ఏమీ తినకపోయినా పరగడుపు చక్కెర పెరుగుతుంది. అదే కాలేయం తన దగ్గర మిగిలిన కొవ్వును రక్తంలోకి తోస్తుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది. తాండూరు ఆయన రిపోర్టులోని అంకెలన్నీ ఈ ఒక్క కథే చెబుతున్నాయి.

ఎలుకలు చెప్పిన పాఠం

1988లో అమెరికాలో శాస్త్రజ్ఞులు రెండు జాతుల చిట్టెలుకలకు కొవ్వు, చక్కెర దండిగా వున్న మేత పెట్టారు. ఒక జాతి లావెక్కి, మధుమేహం తెచ్చుకుంది. రెండవ జాతి అదే మేత తిని చాలావరకు తట్టుకుంది. "మా బావ రోజూ బిర్యానీ తింటాడు, ఏమీ కాలేదు" అనేవారికి ఇదే జవాబు. మీ బావ రెండవ జాతి కావచ్చు. మీరు కాకపోవచ్చు.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1990ల్లో మరొక విచిత్రం బయటపడింది. వాళ్లు ఎన్నో ఏళ్లుగా పెంచుతున్న ఎలుకల్లో కొన్ని మామూలు మేత తింటూనే విపరీతంగా బలిసిపోయాయి. "చాలు" అని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోను వాటి ఒంట్లో దండిగానే వుంది. వాటి శరీరం ఆ మాట వినడం లేదు, అంతే. స్థూలకాయులను తిండిపోతులని వెక్కిరించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వెక్కిరింతకు ఎవరూ సన్నబడరు.

మరి నూనె తాగి సన్నబడినవారి మాటేమిటి?

2017, 2018 సంవత్సరాల్లో వీరమాచినేని రామకృష్ణ గారి ఆహారపద్ధతి తెలుగు జిల్లాలన్నింటా పాకింది. అన్నం, రొట్టె, చక్కెర పూర్తిగా మానెయ్యాలి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె, నెయ్యి వంటివి తీసుకోవాలి. నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు అందులో భాగం. చాలామంది తగ్గారు కూడా. తగ్గలేదంటే అబద్ధమవుతుంది. ఎందుకు తగ్గారో తెలుసుకోవాలి.

శరీరం చక్కెరను గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి వుంచుతుంది. అన్నం మానగానే ఈ నిల్వ కరిగి నీరు బయటికి పోతుంది. మొదటి వారం తగ్గేది చాలావరకు ఆ నీరే. తరువాత ఆకలి మందగిస్తుంది. అన్నం, పూరి, లడ్డూ, బిస్కెట్టు అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి కనుక తినేది మొత్తం మీద తగ్గుతుంది. తగ్గించింది ఆ మానడమే. నూనెలో మహత్తు లేదు.

అన్నం మానితే చక్కెర, ట్రైగ్లిజరైడ్లు కూడా తగ్గడం నిజమే. కాని కొందరిలో చెడు కొలెస్టరాల్ బాగా పెరుగుతుంది. కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్లకు పైగా సంతృప్త కొవ్వే. 47 ఏళ్లకే తండ్రిని గుండెపోటుకు పోగొట్టుకున్న మనిషి అలాంటి పందెం కాయకూడదు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 609 మందిని రెండు జట్లు చేసి ఏడాది చూశారు. ఒక జట్టు కొవ్వు తగ్గించింది, ఇంకొకటి పిండిపదార్థం తగ్గించింది. ఇద్దరికీ చక్కెర, మైదా మానమనీ, కూరగాయలు ఎక్కువ తినమనీ చెప్పారు. 2018లో ఫలితం ప్రకటించారు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట.

మన చిక్కు వేరే వుంది. మనం అన్నం మానం, నూనె మానం. పళ్లెం నిండా అన్నం తింటే ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ పెరిగినంతసేపు శరీరం కొవ్వును కాల్చదు, దాస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే వేపుడూ, నెయ్యీ, అప్పడమూ లోపలికి వస్తాయి. ఒంటరిగా వస్తే ఇంత చేటు చేయని రెండూ చేయి చేయి కలిపి వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలివారి సర్వేలో మన దేశీయుల కేలరీల్లో నూటికి 62 పాళ్లు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. మాంసకృత్తులు తక్కువ. 2023లో ప్రకటించిన అదే సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం వుంది. పెద్దల్లో నూటికి 39 మందికి పైగా పొట్ట వుంది.

వంటింటి లెక్క

తాండూరు ఆయనకు ఇదంతా చెప్పి, ఆయన భార్యను అడిగాను. "అమ్మా, నెలకు ఎంత నూనె వాడతారు?"

"ఎక్కువ వాడం సారూ. అందరి లెక్కనే" అంది.

"ప్యాకెట్లు చెప్పమ్మా."

వేళ్ల మీద లెక్కపెట్టి, "ఎనిమిదైతయి" అంది. ఇంట్లో ఐదుగురు. లీటరు ప్యాకెట్టులో సుమారు 910 గ్రాముల నూనె వుంటుంది. ఎనిమిదింటిని ఐదుగురికీ, ముప్ఫై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 48 గ్రాములు పడింది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన నమూనా పళ్లెంలో, 2000 కేలరీల ఆహారంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి వున్నది 27 గ్రాములే. బస్టాండు బజ్జీలు ఈ లెక్కలోకి రాలేదు.

అప్పుడామె పక్కనే నిలబడ్డ పన్నెండేళ్ల కొడుకును ముందుకు జరిపి, "సారూ, వీని మెడ చూడుండ్రి. సున్నిపిండి పెట్టి ఎంత రుద్దినా నలుపు పోతలేదు" అంది.

చూశాను. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా, మఖ్మల్ గుడ్డలా వుంది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం అలా అవుతుంది. తాతకు 47లో వచ్చిన ముప్పు మనుమడి దగ్గరికి 12లోనే వచ్చి నిలబడింది. ఆ మాట చెప్పగానే తండ్రి ముఖంలో నవ్వు పోయింది. ఇక పక్క దుకాణపాయన ప్రస్తావన రాలేదు. "ఇంటికందరికీ ఏం చెయ్యాలో చెప్పుండ్రి" అన్నారు.

ఏ నూనె మంచిది?

తాండూరు నల్లరేగడిలో కుసుమలు పండుతాయి. కుసుమనూనెలో సంతృప్త కొవ్వు నూటికి 10 పాళ్లే. పల్లీనూనెలో 20 లోపు. పామాయిల్‌లో సగం. నెయ్యిలో సగానికి పైన. మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మారిషస్‌లో 1987లో ప్రభుత్వం రేషన్ నూనెను పామాయిల్ నుంచి చాలావరకు సోయానూనెకు మార్చింది. ఐదేళ్లలో జనం సగటు కొలెస్టరాల్ బాగా తగ్గింది. కాని లావు తగ్గలేదు, పైగా పెరిగింది! ఇందులో రెండు పాఠాలున్నాయి. నూనె రకం మారిస్తే గుండెకు మేలు. పరిమాణం తగ్గిస్తేనే నడుముకు మేలు. కుసుమనూనె అయినా గ్రాముకు 9 కేలరీలే.

డాల్డా వంటి వనస్పతిలో వుండే ట్రాన్స్ కొవ్వును 2022 నుంచి నూటికి 2 పాళ్లకు ప్రభుత్వం పరిమితం చేసింది. పొద్దున కాచిన నూనెనే రాత్రిదాకా మరిగించడం మాత్రం ఇంటా బయటా మానలేదు. నల్లబడి, చిక్కబడి, పొగ వచ్చే నూనెలో వేగినది తినకండి.

ఇంటికి చెప్పిన నియమాలు

1. మనిషికి నెలకు 800 గ్రాములు. ఐదుగురికి నాలుగున్నర ప్యాకెట్లు దాటకూడదు. నెయ్యి కూడా అందులోదే. నూనె సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి పోయాలి.

2. నూనెలో ముంచి వేయించినవి వారానికి ఒకసారే. పండగకు సకినాలు చేసుకోండి, నెల పొడుగునా డబ్బా నింపకండి.

3. అన్నం సగానికి తగ్గించి ఆ చోటు కూరతో, పప్పుతో నింపాలి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందిపప్పు పండే తాండూరులో నీళ్లపప్పు తినడం అన్యాయం. గట్టిపప్పుకు ఒక్క చెంచా పోపు చాలు. తినేవారికి గుడ్డు, పులుసు పెట్టిన చేప మంచివి.

4. రాత్రి జొన్నరొట్టె మంచిదే. నూనె లేకుండా కాలుతుంది, నమిలి తినాలి. కాని జొన్నలోనూ పిండిపదార్థమే వుంది. రొట్టె మంచిదని నాలుగు తినకూడదు.

5. భోజనమయ్యాక పావుగంట, మొత్తం మీద రోజుకు అరగంటకు తక్కువ కాకుండా నడక. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో చూపించిన సంగతి ఇది: మధుమేహం అంచున వున్నవారిలో తిండి, నడక మార్పులతోనే మూడేళ్లలో ఆ జబ్బు వచ్చే అవకాశం నూటికి 28 పాళ్లు తగ్గింది.

6. పిల్లవాడికి వేరే పథ్యం పెట్టవద్దు. ఇంట్లో అందరూ తినేదే వాడూ తినాలి. చిప్స్, తియ్యటి కూల్‌డ్రింకులు ఇంట్లోకి తేవద్దు. ఆడుకోనివ్వాలి.

ఆరు నెలలకు ఆయన బరువు 69 అయింది. నడుము 92, ట్రైగ్లిజరైడ్లు 178, పరగడుపు చక్కెర 101. ఇంకా గీత దాటి లోపలికి రాలేదు, కాని గీత దగ్గరికి వచ్చారు. పిల్లవాడి బరువు పెరగలేదు, ఎత్తు మాత్రం పెరిగింది. మెడ నలుపు కొంచెం పలచబడింది. ఇంటి నూనె ఐదు ప్యాకెట్లకు దిగింది. ఆ అర ప్యాకెట్టు గురించి ఆమెతో ఇంకా బేరం జరుగుతూనే వుంది.

ఎవరు జాగ్రత్తపడాలి?

రెండేళ్లలోపు పసిపిల్లలకు కొవ్వు తగ్గించకూడదు. వాళ్ల మెదడు ఎదుగుదలకు అది కావాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బక్కగా వున్నవారు ఈ నియమాలు తమకు వర్తింపజేసుకోవద్దు. కొవ్వు బొత్తిగా మానడమూ తప్పే. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు వుండాలి.

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారు అన్నం ఒక్కసారిగా మానితే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి ఇంకొక ప్రమాదం. చక్కెర అంతగా పెరగకపోయినా రక్తం ఆమ్లమైపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎవరి ఫోనులో ఏం చూసినా, మీ మందులు రాసే డాక్టరుకు చెప్పకుండా అలాంటి ఆహారం మొదలుపెట్టకండి.

మిగిలినవారు రేపు చేయవలసిన పని ఒకటే. కొత్త నూనె ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు మళ్లీ రాయండి. 910 గ్రాములను ఆ రోజులతోనూ, ఇంట్లో మనుషులతోనూ భాగించండి. వచ్చిన అంకె 27 దాటితే మీ కుటుంబం ఎక్కడ నిలబడిందో డాక్టరు ఫీజు లేకుండానే తెలిసిపోతుంది.